సంశయము నుండి నిర్ణయమునకు : న్యాయశాస్త్రమున వివేచనక్రమము

తర్కసంగ్రహముతో న్యాయశాస్త్రాధ్యయనము ప్రారంభించుట మన సంప్రదాయము. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు బాలబోధకై రచించిన ఈ చిన్న గ్రంథము, దీపికయను స్వీయవ్యాఖ్యతో కూడి దేశమంతట పఠనపాఠనములయందు నిలిచినది. ఇందు సంశయము విపర్యయ తర్కములతో పాటు అయథార్థానుభవభేదములలో నొకటిగా కనబడును. ప్రాచీనన్యాయమున ఈ సంశయమే వివేచనకు ద్వారమై యుండెనని ఈ గ్రంథమొక్కటియే చదివిన విద్యార్థికి తోచుట కష్టము. ఈ అంతరమును పరిశీలించుట మా యుద్దేశము.

2వ శతాబ్ది ప్రాంతమున రూపొందిన న్యాయసూత్రములలో గౌతముడు 16 పదార్థములను పేర్కొనెను. వానిలో సంశయము 3వది, నిర్ణయము 9వది. నడుమ ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము కలవు. ఈ వరుసలో ఆలోచన నడచు త్రోవ గోచరించును. మసకవెలుతురులో దూరమున నిలువుగా నొక యాకృతి కనబడినది. అది మ్రోడా, మనుష్యుడా? పొడవు రెంటికిని సాధారణము. కాలుసేతులవంటి విశేషలక్షణ మింకను కానరాలేదు. ఆ విశేషము నపేక్షించు విమర్శయే సంశయమని సూత్రకారుని మతము. ఏమి తెలియవలసి యున్నదో సంశయించువానికి తెలిసియే యుండును. దాని వెంటనే ప్రయోజనమును చెప్పుటలో ఔచిత్యమున్నది. దేనికొరకు తెలిసికొనవలెనో ఎరుగని సంశయమునకు అంతము లేదు గదా! పిమ్మట ఉభయసమ్మతమైన దృష్టాంతము మొదలగు వాని సాయమున పక్షప్రతిపక్షములను రెంటిని విమర్శించి అర్థమును నిశ్చయించుట నిర్ణయము. బొత్తిగా తెలియని విషయమున గాని, ముందే నిర్ణీతమైన విషయమున గాని న్యాయమునకు పని లేదనియు, సందిగ్ధవిషయముననే అది ప్రవర్తించుననియు 5వ శతాబ్ది ప్రాంతమువాడైన వాత్స్యాయనుడు వివరించెను.

నేటి వాడుకలో తర్కమనగా వాదబలము. నైయాయికులకు తర్కము స్వయముగా ప్రమాణము కాక, ప్రమాణమునకు తోడు మాత్రమే. నిప్పు లేనిచో పొగయు లేకపోవలెనని ఆరోపించి చూపుట దాని స్వరూపము. పొగ కనబడుచుండగా చేసిన ఈ ఆరోపము యథార్థము కాదు గనుక, అన్నంభట్టు దానిని అయథార్థములలో చేర్చుట సమంజసమే. అయినను నిజము కాదని యెరిగి చేసిన ఆ యూహయే నిజమునకు దారి తీయుచున్నది.

ఆత్మపరీక్షకు సంబంధించిన అంశ మింకొకటి కలదు. 'ఇది కుండ' యను జ్ఞానము తరువాత 'ఇది కుండయని నేనెరుగుదును' అను రెండవ జ్ఞానము కలుగును. దీనికి అనువ్యవసాయమని పేరు. ఈ రెండవ జ్ఞానముతోనే మొదటిదాని ప్రామాణ్యము కూడ తెలియునని మీమాంసకులలో మురారిమిశ్రుని మతము. నైయాయికులు దీని నంగీకరింపలేదు. నేను నమ్ముచున్నానని తెలియుట వేరు, నా నమ్మకము సరియని తెలియుట వేరు. నీరని తోచిన చోటికి పోయి దప్పిక తీర్చుకొన్నపుడు ఆ జ్ఞానము యథార్థమని అనుమింపగలము. ఎండమావియైనచో ప్రవృత్తి విఫలమగును. అట్లని నిశ్చయము కలుగువరకు చేతులు కట్టుకొని కూర్చుండవలెనని వారి యభిప్రాయము కాదు. పంట చేతికి వచ్చునో రాదో తెలియకయే కృషీవలుడు దుక్కి దున్నుచున్నాడు. సంశయమునందును ప్రవృత్తి కలుగవచ్చును. ఫలమును చూచి జ్ఞానమును దిద్దుకొనవచ్చును.

వైశేషికముతో న్యాయము కలిసి, 14వ శతాబ్దిలో గంగేశుని తత్త్వచింతామణితో నవ్యన్యాయము ప్రబలిన పిదప ప్రమాణవిచారమును, లక్షణపరిష్కారమును ప్రధానములయ్యెను. అన్నంభట్టు 16 పదార్థములును వైశేషికుల ఏడింటిలోనే అంతర్భవించునని చెప్పి, దీపికలో దానిని వివరించెను. ఈ అంతర్భావము శాస్త్రరీత్యా నిర్దుష్టమే. కాని అందు వివేచనక్రమము మరుగుపడినది. పదార్థములను విభజించువానికి సంశయము బుద్ధిభేదములలో నొకటి. నిర్ణయింపబూనినవానికి అది మొదటి మెట్టు.

కావున తర్కసంగ్రహమును బోధించువారు సంశయప్రకరణమునకు వచ్చినపుడు న్యాయసూత్రముల ప్రథమాహ్నికమును కూడ విద్యార్థుల ముందుంచుట మేలని మా మనవి. పరిశోధకునకు ఇది మరింత యవసరము. పరీక్షింపవలసిన విషయమున ప్రతిపక్షమును తలపోయక కుదుర్చుకొన్న నిశ్చయము ఎంత దృఢముగా తోచినను, గౌతముని లెక్కలో నిర్ణయము కానేరదు.