నల్ల గోధుమ రొట్టె

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం వండలేదు. మా అమ్మాయి స్నేహితురాళ్లతో వెళ్లి ఏదో రెస్టారెంట్లో ఫ్రెంచి క్రేప్ తినొచ్చింది. తీపిది కాదు, గుడ్డూ చీజూ వేసిన ఉప్పటిది. "ఒక్కటి నాలుగొందలమ్మా!" అంది. చూడబోతే దోశకి చుట్టంలా ఉంది, దానికి నాలుగొందలేమిటని నేనే చేస్తానన్నాను.

తీరా చూస్తే అసలైన ఉప్పటి క్రేప్‌కి మైదా వాడరట. దాని పిండి వేరు. ఉత్తరాది వాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండే అది. ఫ్రెంచి వాళ్లు ఆ గింజని నల్ల గోధుమ అంటారు గానీ దానికీ గోధుమకీ ఏ సంబంధమూ లేదు. అసలు గడ్డిజాతి పంటే కాదు, మన చుక్కకూర కుటుంబానిది! దాని పుట్టిల్లు చైనా నైరుతి మూల. చేతులు మారుతూ ఐరోపా చేరి, పదిహేను, పదహారో శతాబ్దాల నాటికి ఫ్రాన్సు పడమటి కొసనున్న బ్రిటనీలో స్థిరపడింది. తూర్పు నుంచి వచ్చిందనో, నల్లగా ఉందనో దానికి 'సరాజిన్' అని ఇంకో పేరు కూడా పెట్టారు. అరబ్బుల్ని వాళ్లు పిలిచిన పేరే అది.

బ్రిటనీ నేల పులుపు నేల, సారం తక్కువ. గోధుమ సరిగ్గా పండదు. పండిన కాస్తా అమ్మకానికీ కౌలు కట్టడానికీ పోయేది. ఈ నల్ల గింజ మాత్రం ఎరువు పెద్దగా అడగదు, మూడు నెలల్లో చేతికొస్తుంది. అందుకని రైతు గోధుమ అమ్ముకుని దీన్ని తిన్నాడు. పిండిలో నీళ్లూ ఉప్పూ కలిపి, 'బిలిగ్' అనే గుండ్రటి ఇనప పెనం మీద చెక్క పలకతో పల్చగా తిప్పితే రొట్టె. అదే పిండిని గంజిలా ఉడికిస్తే జావ. రోజూ ఈ రెండే. తూర్పు బ్రిటనీలో ఆ రొట్టెని గాలెట్ అంటారు, పడమట క్రేప్ అంటారు.

ఆ రొట్టె పారిస్ చేరింది రైల్లో. పారిస్ నుంచి రెన్‌కి 1857లో, బ్రెస్ట్‌కి 1865లో రైలు పడింది. పనిమనుషులుగా, కూలీలుగా బ్రిటనీ జనం మోంపర్నాస్ స్టేషన్లో దిగి ఆ చుట్టుపక్కలే బతికారు. ఇప్పటికీ ఆ స్టేషన్ దగ్గరి వీధిలో వరసగా క్రేప్ హోటళ్లే.

ఇదంతా నేను చెబుతుంటే మా అత్తయ్య శెనక్కాయలు ఒలుస్తూ వింటున్నారు. ఆవిడది కడప జిల్లా. "మాకూ అంతే. వరన్నం పండక్కే. మీ మామయ్య ఆఫీసు వాళ్లు భోజనానికొస్తే సంగటి గిన్నెకి మూతేసి అటక మీద పెట్టేదాన్ని, కనపడితే పరువు పోతుందని" అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. మొన్న రాగి దోశ ఫోటో తీసి అందరికీ పంపింది నేనే.

కప్పు పిండికి రెండు కప్పుల పైచిలుకు నీళ్లు పోసి, ఉప్పేసి, రెండు గంటలు నాననిచ్చాను. పులియబెట్టక్కర్లేదు. మొదటిది చిరిగింది, గోధుమకున్న జిగురు దీనికి లేదు మరి. రెండోదానికి పెనం బాగా కాల్చాక దారికొచ్చింది. మధ్యలో గుడ్డు కొట్టి, చీజ్ తురిమి, నాలుగంచులూ లోపలికి మడిస్తే పచ్చసొన కనపడేలా చదరంగా వస్తుంది. వాళ్లు పంది మాంసం వేస్తారు, నేను పుట్టగొడుగులు వేశాను.

అత్తయ్యకి గుడ్డు లేకుండా ఉత్తదే వేసిచ్చాను. ఓ ముక్క నమిలి, "దీంట్లోకి కాస్త ఊరిబిండి నూరు" అన్నారు. ఒలిచిన శెనక్కాయలు ఎలాగూ ఉన్నాయి, బాణలి పెట్టాను.