నూనె మోసే బరువు

తాండూరు నుంచి కరణ్‌కోట వైపు వెళ్తుంటే ముందుగా పలకరించేవి రాయి లారీలే. నాపరాయి లోడుతో క్వారీ గుంతలోంచి పైకొచ్చే టిప్పర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఎక్కుడు మధ్యలో ఇంజను గొంతు మారుతుంది. డ్రైవరు హాఫ్ క్లచ్ మీద బండిని ఆపి పట్టుకుంటాడు. కాసేపటికి ఘాటుగా కాలిన వాసన. క్లచ్ ప్లేటు పోయిందని చెప్పడానికి మెకానిక్ రానక్కర్లేదు, ముక్కు చాలు.

సున్నపురాయి, బొగ్గు గనుల్లో తిరిగే 35 టన్నులు, 60 టన్నుల డంపర్లలో చాలావాటికి క్లచ్ పెడలే ఉండదు. మరి అంత బరువును లాగే బలం ఇంజను నుంచి చక్రాలకు ఎలా చేరుతుంది? మధ్యలో ఉన్న నూనె ద్వారా.

ఈ ఉపాయం ఓడల కోసం పుట్టింది. ఆవిరి టర్బైన్‌ది పరుగు, ఓడ ప్రొపెల్లర్‌ది నింపాది నడక. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి అప్పటి జర్మనీలో, స్టెట్టిన్‌లోని వల్కన్ ఓడల కర్మాగారంలో పనిచేసిన హెర్మన్ ఫోట్టింగర్ 1905లో ఒక పేటెంటు తీసుకున్నాడు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి తిప్పితే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా! గాలికి బదులు ద్రవం, మధ్యలో ఆ ద్రవాన్ని దారి మళ్లించే మూడో చక్రం. దీన్నే టార్క్ కన్వర్టర్ అంటున్నాం. బండి కదలడానికి మొరాయించే క్షణంలో ఇంజను తిప్పుడు బలాన్ని ఇది సుమారు రెట్టింపు చేస్తుంది.

కార్లలోకి నూనె మరో రూపంలో వచ్చింది. ఎర్ల్ థాంప్సన్ బృందం రూపొందించిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో అమ్మకానికి పెట్టింది. ఇందులో ద్రవం బలాన్ని పెంచదు, అందిస్తుందంతే. తర్వాత అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఎం5 స్టువర్ట్ ట్యాంకులో రెండు క్యాడిలాక్ ఇంజన్లకు రెండు హైడ్రామాటిక్‌లు బిగించారు. సుఖం కోసం కనిపెట్టిన సరుకు బురదలో, గుంతల్లో నిలబడింది. టార్క్ కన్వర్టర్ మాత్రం 1948లో బ్యూక్ డైనాఫ్లోతో, 1950లో షెవర్లే పవర్‌గ్లైడ్‌తో కార్లలో స్థిరపడింది.

పవర్‌గ్లైడ్‌కు ఉన్నవి రెండే గేర్లు. ఆ కాలపు కార్లకు తర్వాతి తరం పెద్ద ఇంజన్లు బిగించిన ఔత్సాహికులకు అసలు సంగతి అప్పుడే తెలిసింది. ఇంజను గర్జిస్తుంది, కారు మాత్రం అందుకోదు. అడుగు పాన్ విప్పితే ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా, మాడు వాసనతో కారుతుంది. లోపల గేర్లను పట్టే క్లచ్ ప్లేట్లు జారి జారి కాలిపోయాయన్న మాట.

మందు అక్కడే మొదలైంది. పల్చటి ఉక్కు ప్లేట్లు వేసి, మిగిలిన జాగాలో ఇంకో రాపిడి ప్లేటు ఇరికించారు. నూనె ఒత్తిడి పెంచి, క్లచ్ నానుస్తూ కాకుండా ఠక్కున పట్టేలా వాల్వులు మార్చారు. షాఫ్టులను మరింత గట్టి ఉక్కుతో చేయించారు. అన్నిటికీ మించి రేడియేటర్ ముందు విడిగా ఒక నూనె కూలర్ పెట్టారు. ఎందుకంటే ఈ గేర్‌బాక్సును చంపేది బరువు కంటే ముందు వేడి. ఎంత దృఢమైన ప్లేటైనా మాడిన నూనెలో నిలవదు.

కంపెనీలూ ఊరుకోలేదు. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400 ఎంత గట్టిదంటే రోల్స్‌రాయిస్ సిల్వర్ షాడో, ఫెరారీ 400 కూడా దాన్నే తెచ్చుకున్నాయి. పాత కారుకు పెద్ద ఇంజను వేసేవాళ్లు నేటికీ వెతికే పేర్లలో అదొకటి. ఆ రోజుల్లో ఈ గేర్‌బాక్సుల నూనెలో ప్లేట్లు మృదువుగా పట్టడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కోవలసి వచ్చింది.

మన రోడ్లకు ఈ సౌకర్యం ఆలస్యంగా, వేరే దారిలో వచ్చింది. 2014లో మారుతి సెలెరియోతో జనానికి దగ్గరైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) గేర్‌బాక్సులో టార్క్ కన్వర్టర్ లేదు. పాత క్లచ్ ప్లేటే ఉంటుంది, దాన్ని కాలికి బదులు యంత్రం తొక్కుతుంది. అందుకే ఎక్కుడు మీద బ్రేకు వేయకుండా ఎక్సిలరేటర్‌తోనే కారును నిలబెడితే టిప్పర్ వాసనే వస్తుంది. డంపర్‌లో అలా కాదు. లోడుతో దిగుడు దిగేటప్పుడు రిటార్డర్‌గా మారి వేగాన్ని ఆపేదీ ఆ నూనే. ఆ వేడినంతా కూలర్ మింగుతుంది.

అందుకే పాత ఆటోమేటిక్ కారు కొనబోయే తెలిసినవాడు బానెట్ ఎత్తగానే ఇంజను సైజు అడగడు. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ లాగి, కొసన అంటిన నూనెను వేళ్ల మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.