బొంతలో దాగిన గాలి

చలికాలం రాగానే మా తరగతిలో ఒక చిన్న ప్రశ్న వేయడం నాకు అలవాటు. రెండు ఉష్ణమాపకాలను తీసుకొని, ఒకదానిని బల్లమీద ఊరకే ఉంచి, రెండవదానిని మందమైన బొంతలో చుట్టిపెట్టినామనుకోండి. కొన్ని గంటల తరువాత చూస్తే ఏది ఎక్కువ చూపుతుంది? బొంతలోనిదే అని సగానికి పైగా చేతులు లేస్తాయి. చేసి చూస్తే రెండూ ఒకే డిగ్రీ చూపుతాయి. మంచుగడ్డను అదే బొంతలో చుట్టితే త్వరగా కరగదు సరికదా, బయట పెట్టినదాని కంటె ఆలస్యంగా కరుగుతుంది. అప్పుడు పిల్లలు ఆలోచనలో పడతారు. బొంతకు తనదంటూ వెచ్చదనం లేదు. లోపలి వేడిని బయటికి, బయటి వేడిని లోపలికి పోనీయకుండా ఆపడమే దాని పని. నిద్రించే మనిషి దేహం ఇంచుమించు 70 వాట్ల వేడిని వెలువరిస్తుంది. ఆ వేడి నెమ్మదిగా పోయేటట్లు చూసేది బొంత.

ఈ సంగతిని కొలిచి చెప్పినది శాస్త్రజ్ఞులే అయినా, దానిని చేతులతో కనిపెట్టినవారు వారికంటె ఎంతో ముందరివారు. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో సుమారు 77,000 ఏండ్ల నాటి పడకలు బయటపడినవి. తుంగగడ్డి పరచి, దానిపై పురుగులను పారద్రోలే ఒక చెట్టు ఆకులను కప్పినారు. ఆ కాలంలోనే మనిషి మెత్తదనాన్ని మాత్రమే గాక, దోమకాటు లేని నిద్రను కూడ కోరుకున్నాడన్నమాట! సైబీరియాలోని దెనిసోవా గుహలో బెజ్జం గల ఎముక సూదులు దొరికినవి. వాటి వయస్సు 40,000 ఏండ్లకు తక్కువ కాదు. కుట్టు లేనిదే ఆ చలిలో బ్రతుకు లేదు.

గడ్డి పడకకు, బొంతకు భేదం కుట్టులో ఉన్నది. రెండు బట్టల నడుమ దూదిగాని ఉన్నిగాని పరచి ఊరకే వదిలితే, ఒక్క రాత్రిలో అదంతా ఒక మూలకు చేరి తక్కిన చోటు వట్టి బట్టగా మిగులుతుంది. ఆ నింపుడును ఎక్కడిదక్కడ నిలబెట్టేది వరుస కుట్లే. మంగోలియాలో నోయిన్ ఉలా వద్ద 1924–25లో కోజ్లోవ్ త్రవ్వించిన సమాధులలో, రమారమి రెండు వేల ఏండ్ల నాటి కుట్టు తివాసీ ఒకటి దొరికినది. మురి మురిగా తిరిగే కుట్లతో దాని పొరలన్నిటినీ కలిపి బిగించినారు. ఇటలీకి చెందిన సిసిలీలో 14వ శతాబ్దిలో త్రిస్తాన్ కథను బొమ్మలుగా ఉబ్బెత్తు కుట్టిన పెద్ద బొంతలోని భాగాలు లండనులోనూ ఫ్లారెన్సులోనూ నేటికీ భద్రంగా ఉన్నవి.

మన ఇండ్ల బొంతలో దూది కూడ అక్కరలేదు. పాత చీరలను నాలుగైదు పొరలుగా పరచి, సూదిని పైకీ కిందికీ దూరుస్తూ అంచు నుండి అంచుకు వరుసలు కుడతారు. కొత్త బట్ట ఇందుకు పనికిరాదని మా అమ్మమ్మ అంటుండేది. ఉతికి ఉతికి నూగు లేచిన నేతలోనే మెత్తదనం ఉంటుంది. ఆ నూగు మరికాస్త గాలిని పట్టి ఉంచుతుందని నాకు భౌతికశాస్త్రం చదివిన తరువాత గాని తోచలేదు. బెంగాలులో దీనినే కాంథా అంటారు.

పడకదుప్పట్ల చరిత్రలో తెలుగుతీరానికి ఒక చోటున్నది. మచిలీపట్నం ప్రాంతంలోనూ, కోరమాండల్ తీరంలో తక్కిన చోట్లనూ అద్దకం చేసిన పూలదుప్పట్లు 17, 18 శతాబ్దాలలో ఐరోపాకు ఓడలపై పోయేవి. వాటిని అక్కడ పాలంపోర్ అనేవారు. మంచంపై కప్పు అనే అర్థమిచ్చే పలంగ్‌పోష్ దీనికి మూలం. ఆ మోజు ఎంతకు పోయినదంటే, తమ నేతగాండ్రను కాపాడుకొనడానికి ఇంగ్లాండు 1700లో దిగుమతిని నిషేధించి, 1721లో మరొక చట్టంతో అద్దకపు నూలుబట్టలను ఒంటిమీదనే గాక ఇంటి సామగ్రిలోనూ వాడరాదన్నది. 1774 వరకు ఆ కట్టడి సాగినది. మన పూలను, పిట్టలను ఆకారం వెంబడి కత్తిరించి, వేరే బట్టపై అతికి కుట్టి బొంతలు చేసికొనడం ఇంగ్లాండులోనూ అమెరికాలోనూ ఒక కళ అయినది.

ఇక కొలతకు వద్దాం. బెంజమిన్ థామ్సన్ 1753లో అమెరికాలో పుట్టి, బ్రిటిషువారి పక్షాన గూఢచర్యం చేసి, చివరకు జర్మనీలోని బవేరియా ప్రభువు కొలువులో చేరినాడు. కౌంట్ రమ్‌ఫర్డ్ అన్న పేరుతోనే లోకానికి తెలుసు. మనిషిగా ఆయనను మెచ్చుకొనడం కష్టమే గాని, ప్రయోగశాలలో ఆయన చేయి గొప్పది. సైనికులకు ఏ బట్ట మేలో తేల్చడం ఆయన బాధ్యతలలో ఒకటి. 1790 జనవరి 1న మ్యూనిక్ వీధులలోని బిచ్చగాండ్రను పోగుచేయించి, కర్మాగారంలో పని యిచ్చి, వారి చేతనే సైన్యానికి దుస్తులు తయారు చేయించినాడు.

ఆయన పరికరం సులభమైనది. ఉష్ణమాపకపు బుడ్డిని పెద్ద గాజుగోళం నడుమ నిలిపి, మధ్యనున్న ఖాళీలో పరీక్షించదలచిన పదార్థాన్ని నింపినాడు. ప్రతిసారీ తూకం ఒకటే, 16 గ్రెయిన్లు, అనగా సుమారు ఒక గ్రాము. దానిని మరిగే నీటిలో వేడిచేసి మంచులో ముంచి, సెల్సియస్ లెక్కన 87.5 డిగ్రీల నుండి 12.5 డిగ్రీలకు చల్లారడానికి ఎన్ని సెకండ్లు పట్టునో లెక్కించినాడు. వట్టి గాలి ఉన్నప్పుడు 576. దూది నింపితే 1,046. గొఱ్ఱె ఉన్ని 1,118. ఈడర్ బాతు నూగు 1,305.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది మరొక జంట. విడి పట్టుపోగులకు 1,284 సెకండ్లు పట్టగా, అదే తూకపు పట్టును పురిపెట్టి దారంగా చేస్తే 917 మాత్రమే! పదార్థం మారలేదు, బరువు మారలేదు, అమరిక మారినది. వేడిని ఆపేది పట్టే అయితే రెండింటికీ ఒకే అంకె రావలసినది. ఆపేది పోగుల నడుమ చిక్కిన గాలి. గాలి వేడిని చాలా కొద్దిగా ప్రసరింపజేస్తుంది. అయితే దానికి తిరుగాడే చోటిస్తే వేడెక్కి పైకిపోయి, చల్లనిది కిందికి దిగి, వేడిని మోసుకొనిపోతుంది. దీనినే సంవహనం అంటాము. సన్నని పోగులు ఆ కదలికను ఆపుతాయి. దారాల నడుమ సందులు వెడల్పు గనుక గాలికి దారి దొరుకుతుంది. ఈ ఫలితాలు 1792లో వెలువడినవి; ఆ యేడే రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకమిచ్చినది. గాలికి అసలు ఉష్ణవాహకతే లేదన్నంత వరకు రమ్‌ఫర్డ్ పోయినాడు. అది పొరపాటు. ఉన్నది, కాని నీటి ఉష్ణవాహకతలో ఇరవయ్యో వంతు కూడ లేదు. చెమ్మగిల్లిన బొంత చల్లగా తగలడానికీ, అమ్మలు దానిని ఎండలో వేయడానికీ కారణం ఇదే.

విల్లుతో టంగు టంగుమని మోగిస్తూ దూదేకేవారు వీధిలోకి వచ్చిన రోజులు పెద్దలకు గుర్తుండి ఉంటవి. ఏండ్ల తరబడి బరువు మోసి అణగిపోయిన పరుపు దూదిని వారు ఏకి పొంగించేవారు. దూది అదే, బరువు అదే. పోయిన గాలి తిరిగి వచ్చినది. రమ్‌ఫర్డ్ పట్టుపోగులతో చూపినదానినే వారు తరతరాలుగా చేస్తూ వచ్చినారు. కుట్టులోనూ ఇదే చిక్కున్నది. కుట్లు దూరమైతే నింపుడు జారుతుంది. మరీ దగ్గరైతే బొంత అణగి, కుట్టువరుస వెంబడి వేడి జారిపోతుంది. ఎంత ఎడం ఉండవలెనో చేతికి తెలియాలి.

నిద్రకు దీనితో పని ఏమిటి? నిద్రపట్టే వేళకు దేహపు లోపలి ఉష్ణోగ్రత తగ్గడం మొదలై, తెల్లవారేలోగా సుమారు ఒక డిగ్రీ దిగుతుంది. ఆ వేడి ముఖ్యంగా చేతులు, పాదాల గుండా బయటికి పోతుంది. పాదాలు వెచ్చబడినవారికి త్వరగా నిద్ర పడుతుందని బాజెల్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో చూపినారు. కలలు ఎక్కువగా వచ్చే నిద్రాదశలో వణుకు, చెమట రెండూ మందగిస్తాయి. అప్పుడు దేహం తన ఉష్ణోగ్రతను తాను చక్కదిద్దుకొనలేదు, కప్పుకొన్నదే దిక్కు. ఏడాది లోపు పసిబిడ్డల పక్కలో మందపు బొంతలు, దిండ్లు వద్దని వైద్యులు గట్టిగా చెబుతారు. ముఖంపై పడినా, ఒళ్ళు మరీ వేడెక్కినా బిడ్డ దానిని తన్ని త్రోసివేయలేదు.

పాఠశాలలో రమ్‌ఫర్డ్ ప్రయోగాన్ని చేసి చూడవచ్చును. ఒకే కొలత గల రెండు రేకు డబ్బాలు, వాటికి రెండు పెద్ద అట్టపెట్టెలు తీసుకోండి. రెండు కుప్పల దూదిని సమంగా తూచి, ఒకదానిని బాగా విప్పి మొదటి డబ్బా చుట్టూ పెట్టె నిండునట్లు పరచండి; రెండవదానిని మరొక డబ్బాకు గట్టిగా అదిమి దారంతో చుట్టండి. రెండింటిలో సమానంగా వేడినీరు పోసి, మూతపెట్టి, ప్రతి అయిదు నిమిషాలకు ఉష్ణోగ్రతను రాయండి. వేడినీరు ఉపాధ్యాయులే పోయాలి. అరగంటలో రెండు గీతలు విడిపోవడం గ్రాఫు కాగితంపై కనబడుతుంది.