క్షణమును కొలుచు చౌక గడియారము

భద్రాచలమున సీతారామకల్యాణము అభిజిన్ముహూర్తమున, మిట్టమధ్యాహ్నవేళ జరుగును. ఆ వేళ నెరుగుటకు పంచాంగము చాలును. కాని ఆ క్షేత్రము చెంతనే పారు గోదావరి వేగము నెరుగవలెనన్నచో సెకనుల లెక్క కావలెను. నీటిపై విడిచిన కట్టె 100 మీటర్లను 40 సెకనులలో దాటినచో వేగము సెకనుకు 2.5 మీటర్లు. మరి 5 సెకనులు ఎక్కువ లెక్కించితిమా, అది 2.22కు దిగిపోవును. పైనీటి వేగములో సుమారు 85 శాతమును ప్రవాహపు సగటు వేగముగా గణించుట వాడుక.

సామాన్యపు చేతిగడియారములో సెకనుల ముల్లు ఎవరికొరకును ఆగదు. క్రోనోగ్రాఫ్ అను గడియారమున మరియొక ముల్లు ఉండును. ఒక మీట నొక్కిన అది కదలును, మరల నొక్కిన ఆగును, రెండవ మీట నొక్కిన మొదటికి వచ్చును. వేళ చూపు పని మాత్రము నిలువదు. ఇన్ని పండ్ల చక్రములు, ఇన్ని మీటలు గలది గనుక స్విట్జర్లాండునందు ఇది ఖరీదైన వస్తువుగానే పెరిగినది.

దీనిని అగ్గువ చేసినవారిలో రష్యనులు ముఖ్యులు. వారు ఈ విద్యను పరుల యంత్రములతోనే ఆరంభించిరి. అమెరికాలోని ఓహయో రాష్ట్రమున మూతబడిన డ్యూబర్-హాంప్డెన్ కర్మాగారపు యంత్రములను కొని, 1930లో మాస్కోయందు మొదటి గడియారముల కర్మాగారమును నెలకొల్పిరి. ఆ కర్మాగారమున తయారైన స్త్రెలా క్రోనోగ్రాఫును ధరించియే 1965 మార్చి 18న అలెక్సీ లియోనొవ్ వ్యోమనౌక వెలుపలికి వచ్చి, సుమారు 12 నిమిషములు శూన్యమున తేలెను. తరువాత 1970 దశకమున స్విస్ వాల్జూ 7734 యంత్రపు పనిముట్లను సంపాదించి, దానిని మార్చి 3133 అను యంత్రమును రూపొందించిరి. అది గంటకు 21,600 మార్లు కొట్టును, అనగా సెకనుకు 6. మన దేశమున హెచ్.ఎం.టి. సంస్థ 1961లో జపానువారి సిటిజన్ సహకారముతో బెంగుళూరున గడియారములు చేయుట ప్రారంభించినదియు ఇట్టి బాటనే. నేర్చినవాడు పరుల పనిముట్టును తనదిగా చేసికొనును.

లియోనొవ్ శూన్యమున నడచిన ఆ 1965లోనే భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన రాకపోకలకు తెరువబడినది. వంతెన వచ్చినను వరద తగ్గలేదు. 1986 ఆగస్టున నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జూలైన 71.3 అడుగులకు చేరినది. ఇచ్చట 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి కలిసిన నీరు దిగుటకు ఎంత వ్యవధి కలదో, అంతయే అడవి అంచు పల్లెలవారు పిల్లలతో, పశువులతో మెరక కెక్కుటకు గల వ్యవధి.

ఇప్పుడు సాధనములు పెరిగినవి. అయినను గాలివానలో విద్యుత్తు పోయిన రాత్రి కీ యిచ్చిన గడియారము బ్యాటరీ నడుగదు, తీగ నడుగదు. దాని ఖరీదు చిన్నదని దాని కొలత చిన్నది కాదు. క్షణమును కొలుచుట ధనవంతుల విలాసముగా మిగులక సామాన్యుని ముంజేతికి దిగివచ్చుటయే ఈ చౌక గడియారముల చరిత్రలోని విశేషము.