క్వాంటం బిందువుకు స్థాననిర్ణయం: లేజర్ పాత్ర – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఫోటాన్లను ఒక్కొక్కటిగా వెలువరించగల క్వాంటం బిందువులు కొన్ని నానోమీటర్ల పరిమాణం గల అర్ధవాహక కణాలు. ఆ వెలుగు అన్ని దిక్కులకూ చెదరిపోతే క్వాంటం సమాచార ప్రసారానికి పనికిరాదు. ఉద్గారకం కాంతిని వెలువరించే వేగం దాని చుట్టూ ఉన్న అనునాద కుహరాన్ని బట్టి మారుతుందని 1946లో ఎడ్వర్డ్ పర్సెల్ సూచించాడు. అయితే కుహరంలో కాంతిక్షేత్రం బలంగా ఉన్నచోట బిందువు ఉంటేనే ఆ ఫలితం పూర్తిగా దక్కుతుంది.

యాదృచ్ఛికత నుంచి పద్ధతికి:
అర్ధవాహక పలకపై ఈ బిందువులు సాధారణంగా ఎక్కడపడితే అక్కడ ఏర్పడతాయి. అందువల్ల ముందుగా అనేక సూక్ష్మస్తంభాలను చెక్కి, బిందువు మధ్యలో పడిన స్తంభం కోసం వెదకవలసి వచ్చేది. నూటికి ఒకటి కుదిరిందనుకున్నా, అటువంటివి రెండూ ఏకకాలంలో కుదిరే అవకాశం పదివేలలో ఒకటి మాత్రమే.

2008లో పారిస్ సమీపంలోని మార్కూసీలో పాస్కల్ సెనెలార్ బృందం ఈ క్రమాన్ని తిరగవేసింది. 10 కెల్విన్ల శీతల స్థితిలో ఒక లేజర్ బిందువును వెలిగించి దాని ఉనికిని తెలిపింది. మరొక లేజర్ అదే చోట పైపూతపై స్తంభాకృతిని ముద్రించింది. సాధించిన కచ్చితత్వం 50 నానోమీటర్లు. లేజర్ మచ్చ అంతకంటె చాలా పెద్దదే అయినా, వెలుగు గరిష్ఠమయ్యే కేంద్రాన్ని గుర్తించడం వల్ల ఇది సాధ్యమైంది.

హైదరాబాదు అనుబంధం:
నేడు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధిస్తున్న యల్లా రామచంద్రరావు, టోక్యోలో కోజో హకుటా బృందంతో కలిసి మరో మార్గాన్ని అనుసరించారు. కాంతి తరంగదైర్ఘ్యం కంటె సన్నగా సాగదీసిన గాజు నానోఫైబర్‌పై సూక్ష్మసూదితో బిందువులను నిలిపి, లేజర్‌తో వెలిగించి, వాటి ఫోటాన్లలో సుమారు 22 శాతం ఫైబర్‌లోకి చేరుతున్నట్లు 2012లో నిరూపించారు. 2014లో సూక్ష్మగీతల ఫలకాన్ని ఫైబర్‌కు ఆనించి కుహరాన్ని ఏర్పరచి, ఫైబర్‌లోకి సాగే ఉద్గారాన్ని గణనీయంగా పెంచారు.

ముగింపు:
మార్కూసీలో బిందువు చుట్టూ స్తంభాన్ని చెక్కారు. టోక్యోలో బిందువులున్న ఫైబర్ వద్దకే ఫలకాన్ని తెచ్చారు. సాధనాలు వేరైనా సూత్రం ఒక్కటే: ముందు ఉద్గారకం, తరువాత కట్టడం. 2023లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఒక్క పరికరం పనిచేయడంతో సరిపెట్టుకోక, అటువంటివి అనేకం నమ్మకంగా తయారుచేయవలసిన దశ ఇది. ఆ దశలో యాదృచ్ఛికతను పద్ధతిగా మార్చిన ఈ చరిత్ర తెలుగునాట పరిశోధకులకు మార్గదర్శకం కాగలదు.