పాషాణం ఔషధమైన చరిత్ర

హిజ్రీ 1200లో, అనగా క్రీ.శ. 1786లో, టిప్పూ సుల్తాన్ సేనలు ఆదోని కోటను పట్టుకున్నాయి. ఆ సంవత్సరమే ఇంగ్లాండులో థామస్ ఫౌలర్ అనే వైద్యుడు పాషాణ ద్రావణంతో జ్వరాలకు తాను చేసిన చికిత్సల ఫలితాలను గ్రంథంగా ప్రకటించాడు. మొదటి సంఘటన మన ప్రాంత చరిత్రలో ప్రసిద్ధం. రెండవది, నేడు ఒక రకం రక్తక్యాన్సర్‌ను నయం చేస్తున్న మందు నడిచివచ్చిన దారిలో ఒక మజిలీ.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో తెలుగులో పాషాణమన్నా, ఉర్దూలో సంఖియా అన్నా పదార్థం ఒకటే. యునానీ గ్రంథాలు దీనినే 'సమ్ముల్‌ఫార్', అంటే ఎలుకల విషం, అన్నాయి. హకీములు దీనిని శుద్ధిచేసి కుష్తాగా వాడారు. అయితే విషం ఏ కొలతలో, ఏ వ్యాధిలో మందు అవుతుంది? ఇబ్నె సీనా 'అల్ ఖానూన్' రెండవ భాగంలో ఔషధ పరీక్షకు ఏడు నియమాలు చెప్పాడు. పలు వ్యాధులు కలిసి ఉన్నచోట కాక, ఒకే వ్యాధి ఉన్నచోట మందును పరీక్షించాలి. మందు బలం వ్యాధి బలానికి తగినట్లుండాలి. చివరికి మనిషి శరీరంపైననే దాని గుణం రుజువు కావాలి.

జర్మనీలో 1865లో ఫౌలర్ ద్రావణాన్ని రక్తక్యాన్సర్‌కు వాడి చూశారు. తరువాత కొత్త చికిత్సలు రాగా అది వెనుకబడింది. 1970 దశకంలో చైనాలోని హార్బిన్‌లో ఝాంగ్ టింగ్‌డాంగ్, ఆయన సహచరులు పాషాణం, పాదరస లవణం, కప్పవిషం కలిసిన నాటుమందును పరిశీలించి, పనిచేస్తున్నది పాషాణమేనని తేల్చారు. షాంఘై వైద్యుల పరిశోధనల అనంతరం 2000లో అమెరికా ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను ఆమోదించింది. రాయలసీమకు చేరువలోని వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో 1998 నుండి 2004 వరకు 72 మంది రోగులకు ఈ ఒక్క మందుతోనే చికిత్స చేయగా, సుమారు 86 శాతం మందిలో వ్యాధి అణిగింది.

ఈ వ్యాధి పేరు ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా. ఇందులో రెండు జన్యువులు అతుక్కొని ఒక వికృత ప్రోటీన్ పుడుతుంది. పాషాణం ఆ ప్రోటీన్‌ను పట్టుకొని నాశనానికి గురిచేస్తుంది. అందులో 'ఆటోఫేజీ'కి కూడ పాత్ర ఉన్నదని 2010లో వెలువడిన పరిశోధనలు చూపాయి. కణం తనలో పాడైన భాగాలను పొరలో చుట్టి, లైసోసోము అనే సంచిలో కరిగించి, మిగిలిన సరుకును తిరిగి వాడుకోవడమే ఆటోఫేజీ. దీని గుట్టు విప్పిన జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి లభించింది. అయితే కొన్ని క్యాన్సర్ కణాలకు ఇదే ఆటోఫేజీ ప్రాణరక్షణ కూడ అవుతుంది. కనుక ఒక వ్యాధికి రుజువైనది అన్నిటికీ రుజువైనట్లు కాదు.

ఈ చికిత్స ఆసుపత్రిలో, గుండెను, రక్తాన్ని కనిపెట్టుకుంటూ, మిల్లీగ్రాముల లెక్కతో జరుగుతుంది. కొలత తెలియని కుష్తాను క్యాన్సర్ మందుగా నమ్మి మింగేవారు ఇబ్నె సీనా పేరు చెప్పుకుంటే, ఆయన నియమాలనే తోసిపుచ్చినవారవుతారు. పూర్వుల విద్యను గౌరవించడమంటే వారు కోరిన రుజువును మనమూ కోరడమే.