ఇంటి లినక్సులో తపాలా బంట్రోతు

ఇంట్లో పాత కంప్యూటరుకు లినక్సు ఎక్కించి, ఉత్తరాల బాధ్యత దానికే అప్పగించదలచినవారు ఆ బంట్రోతు వంశచరిత్ర కొంత తెలిసికొనుట మేలు.

1970ల చివర బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్ పరిశోధన యంత్రానికి ఆర్పానెట్ సంబంధం ఉండేది. తక్కినవారూ దానిపై ఖాతాలు అడిగారు. ఎరిక్ ఆల్‌మన్ ఖాతాలు పంచే బదులు, ఉత్తరాన్ని ఒక వలనుండి మరొక వలకు దాటించే డెలివర్‌మెయిల్ రచించాడు. దాని వారసుడే 1983లో 4.2 బీఎస్‌డీతో వెలువడిన సెండ్‌మెయిల్. ఆ రోజుల్లో ఒక్కొక్క వలకు ఒక్కొక్క చిరునామా పద్ధతి. ఒకచోట @, మరొకచోట ఆశ్చర్యార్థకాల వరుస. సెండ్‌మెయిల్ వాటిని మన సంధికార్యం వలె సూత్రాలతో మార్చేది: ఈ రూపం కనబడిన ఆ రూపం ఆదేశమగును. అయితే చిన్నయసూరి సూత్రాన్ని వల్లె వేయవచ్చు, సెండ్‌మెయిల్ సూత్రాలను చూచి నిర్వాహకులే బెదిరేవారు.

బెదురు నిజమే అయింది. 1988 నవంబరు 2న వెలువడిన మోరిస్ పురుగు ప్రవేశించిన దారులలో సెండ్‌మెయిల్‌లో తెరచి ఉంచిన డీబగ్ ఆదేశమొకటి. ఇంటి తాళాలన్నీ ఒక్క బంట్రోతు చేతిలో పెట్టడమే దోషమని నా అభిప్రాయం. 1998లో వీట్సె వెనెమా ఐబీఎం పక్షాన విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్‌లో పని పంచబడింది: అందుకొనేవాడొకడు, వరుసలో ఉంచేవాడొకడు, పంచేవాడొకడు. అధికభాగానికి రూట్ అధికారమే లేదు. కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ 1995లో ఆరంభించిన ఎగ్జిమ్ కూడా మంచిదే.

ఉత్తరాలు దాచే తీరులో నాకు మిక్కిలి ఆసక్తి. పాత ఎంబాక్స్ పద్ధతిలో అన్నీ ఒకే ఫైలులో, "ఫ్రమ్" అనే ఆంగ్లపదంతో మొదలయ్యే పంక్తితో వేరుపడి ఉంటాయి. ఉత్తరం నడుమ వాక్యమేదైనా ఆ పదంతో మొదలైతే ముందు > గుర్తు తగిలిస్తారు. రచయిత వాక్యంపై చేయి వేయడమన్నమాట! తెలుగు వాక్యానికి ఆ గండం లేదు లెండి. డేనియల్ బెర్న్‌స్టైన్ క్యూమెయిల్‌తో తెచ్చిన మెయిల్‌డిర్‌లో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలు. ముందు టెంప్ అరలో పూర్తిగా రాసి, పిదప న్యూ అరలోకి చేరుస్తుంది. నడుమ కరెంటు పోయినా సగం రాసిన ఉత్తరం న్యూ అరకు చేరదు, తక్కినవాటి జోలికీ పోదు. మన ఇళ్లకిది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఇంటినుండి నేరుగా పంపుట నేడు కష్టం. పెక్కు ఇంటర్నెట్ సంస్థలు 25వ పోర్టును మూసివేస్తాయి. పెద్ద మెయిల్ సేవలు ఇంటి ఐపీలను నమ్మవు. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ పంక్తిలో మీ సేవాసంస్థ సర్వరు పేరు రాసి, ఖాతా వివరాలిస్తే బయటి ఉత్తరాలు దాని ద్వారా పోతాయి. క్రాన్ పంపే రాత్రి నివేదికలు మాత్రమే కావలసినవారు ఇనెట్_ఇంటర్‌ఫేసెస్ ఎదుట లూప్‌బ్యాక్-ఓన్లీ అని రాస్తే చాలు. బంట్రోతు వీధి తలుపు తీయడు.